పిల్లికి బిచ్చం పెట్టకుండా ఉండటం ఎలా?

తెల్లవారుజామున పాల ప్యాకెట్ కత్తిరించే చప్పుడు మా ఇంట్లో మనుషులెవరికీ వినపడదు. పండుకి వినపడుతుంది. ఎక్కడో మంచం కింద నిద్రపోతున్నదల్లా కత్తెర టక్కుమనేసరికి వంటగది గడప మీద ఉంటుంది. అక్కణ్ణుంచి మొదలు. పాలు పొయ్యి మీద పెడితే మ్యావ్, ఫ్రిజ్ తలుపు తీస్తే మ్యావ్, రాత్రి పదకొండింటికి మంచినీళ్లకని లేస్తే మ్యావ్. ఆ అరుపు వింటే రెండు రోజులుగా పస్తు ఉందేమో అనిపిస్తుంది. పిల్లికి కూడా బిచ్చం పెట్టనివాళ్లని లోకం ఏమంటుందో తెలుసు కాబట్టి మేమూ పెడుతూ వచ్చాం.

హైదరాబాద్ రామ్‌నగర్‌లో మూడో అంతస్తు ఫ్లాట్ మాది. అత్తయ్య, మా ఆయన, నేను, ఇంటర్ చదివే పాప. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో దొరికిన పిల్లపిల్లి పండు. పోయిన జూన్‌లో ఒక ఆదివారం దాన్ని తూస్తే 5.6 కిలోలు ఉంది. డాక్టర్ చూసి నాలుగున్నర ఉంటే చాలన్నారు. ఇంటికొచ్చి ఫ్రిజ్ మీద ఒక కాగితం అంటించాను: ఎవరు, ఎప్పుడు, ఏం పెట్టినా రాయాలి. మూడు రోజులు రాశాం. తేలిందేమిటంటే, పండు పొద్దున్నే నాలుగు సార్లు టిఫిన్ చేస్తోంది. ఐదింటికి అత్తయ్య, ఆరున్నరకి నేను, ఏడింటికి పాప, ఎనిమిదిన్నరకి ఆఫీసుకి వెళ్తూ మా ఆయన. నలుగురం కూడా "పాపం, దీనికి ఇంకా ఎవరూ పెట్టలేదు" అనుకునే పెట్టాం.

మీ ఇంట్లోనూ ఇదే వరస అయితే కింద రాసినవి ఒకదాని తర్వాత ఒకటి చేసుకుంటూ రండి. మొదటిది మాత్రం దాటేయకండి.

1. అది నిజంగా ఆకలేనా?

పిల్లి అలవాటుగా అరుస్తోందని మనం తీర్మానించుకునే ముందు, దానికి జబ్బేమీ లేదని తేల్చుకోవాలి. అన్నిటికంటే ముఖ్యమైన గుర్తు ఒకటుంది: తెగ తింటోంది, అయినా చిక్కిపోతోంది. ఇది కనిపిస్తే ఈ వ్యాసం పక్కన పెట్టి డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

పదేళ్లు దాటిన పిల్లుల్లో థైరాయిడ్ ఎక్కువగా పనిచేయడం వల్ల ఇలా జరుగుతుంది. తిండి మీద యావ, బరువు తగ్గడం, ఒకచోట కుదురుగా ఉండకపోవడం, రాత్రిళ్లు అరవడం. రక్తపరీక్షలో తెలిసిపోతుంది. షుగర్ వ్యాధి అయితే ఆకలితో పాటు దాహం పెరుగుతుంది. నీళ్ల గిన్నె మాటిమాటికీ ఖాళీ అవుతుంది, మూత్రం ఎక్కువగా పోస్తుంది. పేగుల జబ్బులుంటే తిన్నది ఒంటబట్టదు. ఇక నులిపురుగులు మన దగ్గర మామూలే. తోక కింద బియ్యపు గింజల్లాంటివి కనిపిస్తే బద్దెపురుగు అన్నమాట. ఒంటి మీద గెంతే ఫ్లీస్ అనే పురుగుల్ని నాక్కుంటూ మింగడం వల్ల కూడా అది వస్తుంది కాబట్టి, పేగుల్లో పురుగుకీ ఒంటిమీది పురుగుకీ కలిపి మందు వాడాలి. చివరిసారి నులిపురుగుల మందు ఎప్పుడు వేశారో గుర్తు రావడం లేదంటే అక్కణ్ణుంచే మొదలుపెట్టండి. వయసు, బరువు బట్టి డాక్టర్ మోతాదు చెప్తారు. మన ఇంట్లో పిల్లలకు వేసే మాత్ర విరిచి వేయకండి.

జబ్బు కాని కారణాలూ ఉన్నాయి. ఆరు నెలల లోపు పిల్లికూనలకి నిజంగానే ఎక్కువ ఆకలి. అవి ఎదుగుతున్నాయి, రోజుకి మూడు నాలుగు సార్లు పెట్టాల్సిందే. చూలుతో ఉన్నవి, పాలిచ్చేవి కూడా అంతే. దురదకో ఇంకో దానికో స్టెరాయిడ్ వాడుతుంటే ఆకలి విపరీతంగా పెరుగుతుంది. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాక శరీరానికి కావలసిన తిండి తగ్గుతుంది, ఆకలి మాత్రం పెరుగుతుంది. మా పండుది ఈ చివరి కేసే. అలాగని ఆపరేషన్ మానేయమని కాదు, ఆ తర్వాత గిన్నె కొలత మార్చాలని ఎవరూ చెప్పలేదు మాకు.

హైదరాబాద్‌లో ప్రైవేటు క్లినిక్‌లు వీధికొకటి ఉన్నాయి. నారాయణగూడలో ప్రభుత్వ పశువైద్యశాల ఉంది, రాజేంద్రనగర్‌లో వెటర్నరీ కాలేజీకి అనుబంధంగా ఆసుపత్రి ఉంది. ఎక్కడికైనా పొద్దున్నే వెళ్లండి. పిల్లిని సంచిలోనో చీరలోనో చుట్టి ఆటోలో తీసుకెళ్లొద్దు. గాలి ఆడే బుట్ట, దానికి మూత, లోపల దాని వాసన ఉన్న పాత తువ్వాలు. హారన్లకి బెదిరిన పిల్లి ట్రాఫిక్‌లో చెయ్యి జారితే మళ్లీ దొరకదు.

2. తూకం, తడమటం

బరువు చూసే యంత్రం ఎక్కి ముందు మీ బరువు చూసుకోండి. తర్వాత పిల్లిని ఎత్తుకుని ఎక్కండి. రెండోదాంట్లోంచి మొదటిది తీసేయండి. రెండు వారాలకోసారి, అదే యంత్రం మీద.

బరువొక్కటే చూస్తే సరిపోదు, ఎముక సైజు పిల్లిపిల్లికీ తేడా ఉంటుంది. చేతివేళ్లతో పక్కటెముకలు తడమండి. మీ అరచేయి బోర్లా పెట్టి వేళ్ల మొదళ్ల మీద రెండో చేత్తో రాస్తే ఎముకలు సన్నగా తగులుతాయి కదా, పిల్లి పక్కటెముకలు అలా తగలాలి. పిడికిలి బిగించి కణుపుల మీద రాసినప్పుడు తగిలేంత గరుకుగా ఉంటే బక్కచిక్కినట్టు. వెతుక్కోవాల్సి వస్తే లావు. పైనుంచి చూస్తే నడుము దగ్గర కాస్త లోపలికి ఉండాలి. పొట్ట కింద వేలాడే సంచిలాంటి చర్మం చూసి భయపడకండి, అది సన్నటి పిల్లులకీ ఉంటుంది.

3. లెక్క

చాలామంది వదిలేసేది ఇదే. నిజానికి పది నిమిషాల పని.

పిల్లి ఉండాల్సిన బరువుని (ఇప్పుడున్న బరువుని కాదు) 30తో హెచ్చవేసి 70 కలపండి. ఊరికే పడుకుని ఉన్నా దాని ఒంటికి రోజుకి సుమారుగా కావలసిన క్యాలరీలు అవి. నాలుగున్నర కిలోలకి 135 ప్లస్ 70, అంటే 205. ఆపరేషన్ అయిన, ఇంట్లోనే తిరిగే మామూలు పిల్లికి దీన్ని 1.2తో హెచ్చవేస్తారు, 246 వస్తుంది. బరువు తగ్గాల్సిన పిల్లికి ఆ 205కే, లేదా అంతకంటే కాస్త కిందకే పరిమితం చేస్తారు. ఇది మొదలుపెట్టడానికి ఒక అంకె మాత్రమే. తూకం చూసుకుంటూ అటూ ఇటూ సర్దుకోవాలి.

ఇప్పుడు డ్రై ఫుడ్ ప్యాకెట్ వెనక చూడండి. 100 గ్రాములకి సాధారణంగా 350 నుంచి 400 క్యాలరీల మధ్య ఉంటుంది. 380 అనుకుంటే 205 క్యాలరీలకి 54 గ్రాములు. గిన్నెలో పోసి చూస్తే గుండె జారిపోతుంది, గుప్పెడు కూడా లేనట్టే ఉంటుంది. మేము అంతకు ముందు పోస్తున్నది ఒక్క పూటకే అంత. కప్పుతో కొలవకండి, ఒక్కో చెయ్యి ఒక్కోలా నింపుతుంది. వంటింటి డిజిటల్ త్రాసు కొనండి.

అసలు చిక్కు చిల్లర తిండితో. వంద గ్రాముల పెరుగన్నం, అంటే చిన్న గిన్నెడు, దాదాపు వంద క్యాలరీలు. మా అత్తయ్య పొద్దున్నే "రెండు ముద్దలే కదే" అని పెట్టే దానితో పండు రోజు కోటాలో సగం అయిపోయేది. వంద మిల్లీలీటర్ల టోన్డ్ పాలలో 60 క్యాలరీల దాకా ఉంటాయి. ఇలా పైపైన పెట్టేవన్నీ కలిపి రోజు మొత్తంలో పదో వంతు దాటకూడదు. 205లో పదో వంతు 20. బిచ్చం బడ్జెట్ అంతే.

ఒక హెచ్చరిక. లావుగా ఉంది కదా అని నాలుగు రోజులు మాడ్చారనుకోండి, పిల్లి ప్రాణం మీదికొస్తుంది. లావు పిల్లి రెండు మూడు రోజులు ఏమీ తినకపోతే ఒంట్లో కొవ్వంతా కాలేయానికి చేరి అది పనిచేయడం మానేస్తుంది. వారానికి ఒంటి బరువులో ఒక శాతం తగ్గితే చాలు. పండు లెక్కలో అది 50 గ్రాముల చిల్లర. మొత్తం కథ ఆరు నెలలకి తక్కువ కాదు. ఏ కారణం వల్లయినా పిల్లి ఒక రోజంతా ముట్టుకోకపోతే డాక్టర్‌కి ఫోన్ చేయండి.

4. కడుపు నిండిందా, గిన్నె నిండిందా

పిల్లి మాంసాహారి. మన కోసం శాకాహారిగా మారదు. దానికి టారిన్ అనే పదార్థం తిండి నుంచే అందాలి, అది మాంసం, చేపల్లో ఉంటుంది. లేకపోతే గుండె, కళ్లు దెబ్బతింటాయి. పెరుగన్నం మీద బతికే పిల్లి గంటకోసారి వచ్చి అరిచిందంటే అది యాక్టింగ్ కాకపోవచ్చు, ఒంటికి కావలసింది అందక అడుగుతూ ఉండొచ్చు. పాలు తాగే పిల్లి అని మనం చిన్నప్పటి నుంచీ బొమ్మల్లో చూస్తూ పెరిగాం కానీ, పెద్దయ్యాక చాలా పిల్లులకి పాలు అరగవు, విరేచనాలు పట్టుకుంటాయి. ఇంకో సంగతి, పిల్లి నాలుకకి తీపి తెలియదు. ఉస్మానియా బిస్కట్ కోసం మా పండు పడే తపనంతా అందులోని వెన్నకే.

పూటకో అరపూటకో తడి ఆహారం ఇస్తే తేడా కనిపిస్తుంది. డ్రై ఫుడ్‌లో నీరు పదో వంతు ఉంటే, పౌచ్‌లలో వచ్చే తడి ఆహారంలో ముప్పాతిక పైనే నీరు. అవే క్యాలరీలకి గిన్నె నిండుగా ఉంటుంది, పొట్టా నిండుతుంది. ఏప్రిల్, మే ఎండల్లో నీళ్లు కూడా ఒంట్లోకి వెళ్తాయి. కానీ ఆ ఎండల్లో గిన్నెలో వదిలేస్తే పాడవుతుంది, అరగంటలో తినకపోతే తీసేయండి. వానాకాలంలో డ్రై ఫుడ్ మెత్తబడుతుంది, బిగుతు మూత ఉన్న డబ్బాలో పెట్టండి. చీమల గోల ఉంటే గిన్నెని నీళ్లు పోసిన పళ్లెంలో నిలబెట్టండి, పచ్చళ్ల జాడీకి చేసినట్టే.

ఆదివారం చికెన్ తెచ్చినప్పుడు ఉప్పు, కారం, ఉల్లి, వెల్లుల్లి తగలక ముందే రెండు ముక్కలు విడిగా ఉడికించి ఎముక తీసి ఇవ్వచ్చు, లెక్కలో రాసుకుని. మసాలా కడిగేసి ఇస్తే ఫర్వాలేదనుకోకండి, ఉల్లి, వెల్లుల్లి పిల్లి రక్తకణాల్ని దెబ్బతీస్తాయి. ఉడికిన ఎముక చీలి గొంతులోనో పేగులోనో గుచ్చుకుంటుంది. రామ్‌నగర్ చేపల మార్కెట్ మాకు నడిచే దూరం, అందుకని రోజూ చేపే పెడదామని మా ఆయన ఒకసారి ఉత్సాహపడ్డారు. ఒక్క చేపతో గానీ ఒక్క చికెన్‌తో గానీ పిల్లికి కావలసినవన్నీ అందవు. మారుస్తున్నది ఏదైనా సరే వారం పది రోజుల పాటు పాతదానిలో కొంచెం కొంచెం కలుపుతూ మార్చండి.

5. తిండి గడియారం పెట్టాలి, మీరు కాదు

బయట బతికే పిల్లి రోజుకి ఒకటి రెండు సార్లు భోజనం చేయదు. చిన్న చిన్న వేటలు, చాలా సార్లు. అందుకే అదే 54 గ్రాముల్ని రెండు పూటలకి కాకుండా నాలుగైదుకి పంచండి. మా ఇంట్లో పొద్దున 6:45, మధ్యాహ్నం ఒంటిగంట, సాయంత్రం 6, రాత్రి 10:30. ఆఖరుది అన్నిటికంటే పెద్ద వాటా, ఎందుకంటే తెల్లవారుజామున లేపకూడదని. వేళలు మీకు కుదిరినవి పెట్టుకోండి, కానీ అందరూ ఉద్యోగాలకి వెళ్లే ఇల్లయితే టైమర్ ఉన్న ఆటోమేటిక్ ఫీడర్ డబ్బు దండగ కాదు. కరెంటు పోయినా నడిచేలా బ్యాటరీ ఉన్నది చూసి కొనండి. దాంతో పెద్ద లాభం ఏమిటంటే, పిల్లి మిమ్మల్ని వదిలేసి ఆ పెట్టె ముందు కూర్చుంటుంది. అది ఎంత అరిచినా పెట్టె కరగదు.

6. అరుపుకీ గిన్నెకీ ముడి తెంపడం

ఇదే కష్టం. పిల్లికి అరవడం నేర్పింది మనమే. అరిచింది, పెట్టాం, అరుపు ఆగింది. దానికి తిండి, మనకి ప్రశాంతత, ఇద్దరికీ బహుమతి.

పైగా దాని పనిముట్టు సామాన్యమైంది కాదు. 2009లో ఇంగ్లండ్‌లోని ససెక్స్ విశ్వవిద్యాలయంలో కారెన్ మెక్‌కోంబ్ బృందం పిల్లుల గురగుర మీద పరిశోధన ప్రచురించింది. తిండి అడిగేటప్పుడు చేసే గురగురలో మామూలు గురగురలో లేని ఒక సన్నటి ఏడుపు గొంతు దాగి ఉంటుందని, అది పసిపిల్లల ఏడుపుని పోలి ఉంటుందని తేల్చారు. పిల్లుల్ని ఎప్పుడూ పెంచనివాళ్లు కూడా వినగానే ఇదేదో అర్జెంటు అన్నారట. కాబట్టి మీ మనసు కరిగితే అది మీ బలహీనత కాదు.

చేయాల్సింది ఇదీ. అరుస్తున్నంతసేపూ గిన్నె ముట్టుకోవద్దు, దాని వంక చూడొద్దు, మాట్లాడొద్దు. "ఇప్పుడు కాదమ్మా" అనడం కూడా జవాబే. తిట్టడం, నీళ్లు చల్లడం అసలొద్దు, భయం పెరుగుతుంది తప్ప అరుపు తగ్గదు. వేళ అయినప్పుడు అది అరవక ముందే పెట్టేయండి. అప్పటికే అరుస్తుంటే ఒక్క అరనిమిషం ఆగే వరకు చూసి, ఆగిన క్షణంలో పెట్టండి. మేము ఒక చిన్న పట్టా వేసి, దాని మీద కూర్చున్నప్పుడే గిన్నె కింద పెట్టడం మొదలుపెట్టాం. పది రోజుల్లో పండు తనంతట తనే వెళ్లి పట్టా మీద కూర్చోవడం నేర్చుకుంది.

మొదటి వారం అరుపు తగ్గదు, పెరుగుతుంది. ఇన్నాళ్లూ పనిచేసింది ఇప్పుడు పనిచేయకపోతే ఇంకాస్త గట్టిగా ప్రయత్నిస్తుంది, లిఫ్ట్ రాకపోతే మనం బటన్ పదిసార్లు నొక్కినట్టు. పండు నాలుగో రోజు స్టీలు గ్లాసులు కింద పడేసింది. ఆరో రోజు తెల్లవారుజామున నా జుట్టు నమిలింది. సరిగ్గా అప్పుడు లొంగిపోయి పెట్టారా, ఇంత గట్టిగా అరిస్తేనే పెడతారని దానికి పాఠం చెప్పినట్టు. అందుకే పరీక్షలున్న వారంలో, చుట్టాలొచ్చే వారంలో ఇది మొదలుపెట్టకండి. పక్క ఫ్లాట్ వాళ్లకి ముందే ఒక మాట చెప్పండి.

తెల్లవారుజాము సంగతి విడిగా చెప్పాలి. సూర్యుడు వచ్చే సమయమూ పోయే సమయమూ పిల్లికి వేట వేళ, ఆ చురుకుదనం దాని పుట్టుకలోనే ఉంది. దాన్ని ఆపలేం. మనం చేయగలిగింది ఒక్కటే: లేవగానే పెట్టకూడదు. మీరు కళ్లు తెరవడానికీ గిన్నెకీ మధ్య కనీసం అరగంట ఉంచండి. పళ్లు తోముకోండి, టీ తాగండి, చెత్త బండి వాడికి చెత్త ఇచ్చి రండి, ఆ తర్వాత పెట్టండి. అప్పుడు మిమ్మల్ని లేపడం వల్ల తిండి రాదని దానికి అర్థమవుతుంది.

7. తిండి సంపాదించుకోనివ్వండి

పిల్లి అరిచిన ప్రతిసారీ ఆకలి కాదు, సగం సార్లు తోచక. ఫ్లాట్‌లో దానికి పనేముంది?

కోడిగుడ్ల అట్ట ట్రే తీసుకుని గుంటల్లో నాలుగేసి గింజలు వేసి, పైన కాగితం ఉండలు పెట్టండి. పాదంతో తీసుకుని తినడానికి ఇరవై నిమిషాలు పడుతుంది. చిన్న ప్లాస్టిక్ సీసాకి గింజ పట్టేంత రంధ్రాలు చేసి దొర్లించుకోమనండి. మొదట్లో సులువుగా ఉంచాలి, లేకపోతే విసుగొచ్చి మళ్లీ మీ దగ్గరికే వస్తుంది. హాలు ఈ చివర నుంచి ఆ చివరకి ఒక్కో గింజ విసిరితే పరుగెత్తి పట్టుకుంటుంది, మా పాపకి ఇది చదువు మధ్యలో బ్రేక్. రాత్రి పదింటికి పది నిమిషాలు తాడుతోనో ఈక కట్టిన పుల్లతోనో ఆడించి, అలసిపోయాక ఆఖరి వాటా పెట్టండి. వేట, తిండి, ఒళ్లు నాక్కోవడం, నిద్ర: పిల్లి వరస అది. ఆట అయ్యాక తాడు దాచేయండి, మింగితే పేగులకి ప్రమాదం.

బాల్కనీకి పావురాల వల ఉంటే దాని పక్కన ఒక స్టూలు వేయండి. నగరమంతా తిట్టుకునే పావురాలు మా పండుకి రోజంతా టీవీ. వల గట్టిగా ఉందో లేదో మాత్రం చూసుకోండి, మూడో అంతస్తు మూడో అంతస్తే.

8. ఇంట్లో మనుషులు

పిల్లిని మార్చడానికి మూడు వారాలు పట్టింది. మనుషులకి ఇంకా ఎక్కువ పట్టింది.

పనిచేసిన పద్ధతి ఇది. రోజూ రాత్రి మరుసటి రోజు తిండి అంతా తూచి ఒక స్టీలు డబ్బాలో పోస్తాను. పండుకి ఎవరేం పెట్టినా ఆ డబ్బాలోంచే. డబ్బా ఖాళీ అయితే దుకాణం బంద్. ఇక "ఎవరైనా పెట్టారా?" అనే ప్రశ్నే ఉండదు, డబ్బా చూస్తే తెలుస్తుంది.

అత్తయ్యతో వాదించి లాభం లేదని త్వరగానే అర్థమైంది. "మూగజీవి నోరు తెరిచి అడుగుతుంటే తినే ముద్ద ఎలా దిగుతుందే?" అంటారు, అదీ నిజమే. అందుకని ఆవిడకే ఉద్యోగం ఇచ్చాం. పొద్దున 6:45, సాయంత్రం 6 వాటాలు ఆవిడ చేతి మీదుగానే. ఇంకా ఆ డబ్బాలోంచే పది గింజలు విడిగా చిన్న కుంకుమ భరిణెలో పోసి ఇస్తాను, ఎప్పుడు జాలేస్తే అప్పుడు ఒకటి పెట్టుకోవచ్చు. పెరుగన్నం ఆగిపోయింది. పండు ఇప్పటికీ ఇంట్లో అందరికంటే ఆవిడ దగ్గరే పడుకుంటుంది.

మనం తినేటప్పుడు పక్కన చేరితే, అదే సమయానికి దాని వాటా వేరే గదిలో పెట్టండి. చేపలు వేయించే రోజు తలుపు వేసేయడమే మార్గం, అంత నిగ్రహం నాకే ఉండదు. బయట తిరిగే పిల్లయితే వాచ్‌మన్‌కీ, పై ఇంటివాళ్లకీ కూడా చెప్పాలి. రెండు పిల్లులుంటే వేర్వేరు చోట్ల పెట్టి, తిన్నాక గిన్నెలు తీసేయండి. లేదంటే ఒకటి రెండోదాని వాటా కాజేస్తుంది, అరిచేది మాత్రం రెండోది అవుతుంది.

సంక్రాంతికి ఊరెళ్లే సమయానికి పండు 4.7 కిలోలకి వచ్చింది. నాలుగు రోజుల తిండి పదహారు పొట్లాలుగా కట్టి, ఒక్కోదాని మీద రోజు, టైము రాసి, ఎదురు ఫ్లాట్ ఆంటీ చేతిలో తాళంతో పాటు పెట్టి వెళ్లాం. భోగి రోజు పొద్దున ఏడింటికి ఆవిడ ఫోన్.

"ఏమ్మా, మీ పిల్లి ఆకలితో చచ్చిపోయేలా ఉంది, నా కాళ్లు వదలట్లేదు. ఇంకో పొట్లం విప్పనా?"

"ఇందాకటిది పెట్టి ఎంతసేపైంది ఆంటీ?"

"పావుగంట."